ఇరవై నాలుగో వంతు బుజ్జి

బల్ల అంచు దాకా తోసిన బొమ్మ కారు కింద పడుతుంది. పిల్లాడు దిగి దాన్ని తీస్తాడు, చక్రాలు తిరుగుతున్నాయో లేదో చూసుకుంటాడు, మళ్లీ ఆట మొదలుపెడతాడు. మహా అయితే ఓ మూల రంగు లేచి ఉంటుంది. ఇందులో వింతేముంది అనిపిస్తుంది గానీ, లెక్క వేస్తే వింత బయటపడుతుంది.

గుప్పిట్లో పట్టే ఆ లోహపు కార్లు సుమారుగా అసలు కారులో 64వ వంతు ఉంటాయి. బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు. దాన్ని 64తో గుణిస్తే 48 మీటర్లు, అంటే పదహారు అంతస్తుల మేడ. అంత ఎత్తు నుంచి పడిన అసలు కారును పాత ఇనుముకు అమ్ముకోవాల్సిందే. అదే నిష్పత్తిలో పడిన బొమ్మ కారుకు మాత్రం ఏమీ కాలేదు. ఎందుకని?

కారును 64వ వంతుకు కుదించాం గానీ భూమ్యాకర్షణను కుదించలేదు. బల్ల మీద నుంచి పడిన వస్తువు నేలను తాకేటప్పుడు వేగం గంటకు 14 కిలోమీటర్లు దాటదు. 48 మీటర్ల నుంచి పడితే ఆ వేగం 110 కిలోమీటర్లు. ఒక్కో గ్రాము లోహం ఓర్చుకోవాల్సిన దెబ్బ బొమ్మ కారులో 64 రెట్లు తక్కువ. పైగా దాని రేకు కూడా నిష్పత్తిని మించిన మందం.

స్కేల్ మోడల్ కార్లు తయారుచేసేవారికి రోజూ ఎదురయ్యే చిక్కు ఇదే. పొడవు వెడల్పులు ఒక లెక్కలో తగ్గుతాయి. బరువు ఇంకో లెక్కలో తగ్గుతుంది. భూమ్యాకర్షణ, గాలిలో తేమ, రంగు పొర మందం ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. దేన్ని భాగించాలో, దేన్ని భాగించకూడదో తెలిసిన చేతిలోనే మోడల్ బొమ్మలా కాక బండిలా కనిపిస్తుంది.

మొగల్తూరు హీరో నడిపిన బండి

పశ్చిమ గోదావరి జిల్లాలో సముద్రానికి చేరువలో ఉన్న మొగల్తూరు పేరు వినగానే తెలుగువారికి సినిమావాళ్లు గుర్తొస్తారు. చిరంజీవి పుట్టిన ఊరు అది. కృష్ణంరాజు సొంతూరూ అదే. ఆయన తమ్ముడి కొడుకు ప్రభాస్ నటించిన ‘కల్కి 2898 ఏడీ’ 2024 జూన్ 27న విడుదలైంది. దర్శకుడు నాగ్ అశ్విన్ ఆ సినిమా కోసం ఊహించిన బండి బుజ్జి. మహీంద్రా సంస్థ, కోయంబత్తూరులోని జయం ఆటోమోటివ్స్ చేయి కలిపి దాన్ని నిజంగా రోడ్డు మీద కదిలే విద్యుత్ వాహనంగా తయారుచేశాయి. 2024 మే 22న రామోజీ ఫిల్మ్ సిటీలో ప్రభాస్ దాన్ని స్వయంగా నడుపుకుంటూ జనం ముందుకు వచ్చారు.

బుజ్జి పొడవు 6,075 మిల్లీమీటర్లు, వెడల్పు 3,380, ఎత్తు 2,186. బరువు దాదాపు 6 టన్నులు. ముందు రెండు భారీ చక్రాలు, వెనక గోళంలాంటి ఒకే ఒక్క చక్రం.

మొగల్తూరు కుర్రాడొకడు వేసవి సెలవుల్లో ఇంట్లోనే బుజ్జి మోడల్ చేయాలని కూర్చున్నాడనుకుందాం. నిష్పత్తి 1:24 ఎంచుకున్నాడు. కొలతలన్నిటినీ 24తో భాగిస్తే పొడవు 253 మిల్లీమీటర్లు, వెడల్పు 141, ఎత్తు 91 వస్తాయి. బడిలో వాడే స్కేలు కన్నా కాస్త పొట్టి. ఇక్కడిదాకా లెక్క సులువే.

కొలతలు ఎంత నమ్మకంగా దొరికితే మోడల్ అంత నమ్మకంగా వస్తుంది. జపాన్‌లోని షిజువోకాకు చెందిన టమియా కంపెనీ 1976లో పోర్షె 934 మోడల్ తెచ్చేముందు అసలు పోర్షె 911 కారునే కొని, భాగాలన్నీ ఊడదీసి కొలుచుకుంది. ఇంట్లో చేసేవారికి అంత అవసరం లేదు. పక్కనుంచి, ముందునుంచి, పైనుంచి తీసిన మూడు ఫొటోలు, తెలిసిన ఒక్క కొలత చాలు. ముందు చక్రం ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసు దాకా ఉన్న దూరం తెలిస్తే మిగతావన్నీ ఫొటో మీద స్కేలు పెట్టి రాబట్టవచ్చు.

బాక్స్: ఈ నిష్పత్తులు ఎక్కడివి?

1:18, 1:24, 1:43, 1:64. దుకాణాల్లో కనిపించే అంకెలు ఇవే. ఇందులో 1:24 అంగుళాల కొలత నుంచి వచ్చింది: అసలు కారులో ఒక అడుగు మోడల్‌లో అర అంగుళం. 1:43 బ్రిటన్ బొమ్మ రైళ్ల నుంచి వచ్చింది. అక్కడ ఒక అడుగును 7 మిల్లీమీటర్లుగా చూపేవారు. ఆ రైలు స్టేషన్ పక్కన పెట్టడానికి సరిపోయే కార్లు కావాల్సి వచ్చి 1:43 స్థిరపడింది. 1:64లో అడుగుకు అంగుళంలో పదహారింట మూడు వంతులు.

4,325 మిల్లీమీటర్ల అంబాసిడర్ 1:18లో 24 సెంటీమీటర్లు, 1:24లో 18, 1:43లో 10, 1:64లో 6.8 సెంటీమీటర్లు ఉంటుంది. 1968లో మొదలైన హాట్ వీల్స్ కార్లను 1:64 అంటారు గానీ, బండి పెద్దదైనా చిన్నదైనా ఒకే ప్యాకెట్లో పట్టించాలి కాబట్టి వాటి నిష్పత్తి కాస్త అటూ ఇటూ అవుతుంది.

రేకు మందం దగ్గర మొదటి చిక్కు

అసలు కార్ల రేకు మందం ఇంచుమించు ముప్పాతిక మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు. 24తో భాగిస్తే 0.03 నుంచి 0.04 మిల్లీమీటరు. నోటుపుస్తకం కాగితం కన్నా ఎంతో పలచన. అంత పలచని ప్లాస్టిక్‌తో కారు చేస్తే పట్టుకోగానే నలిగిపోతుంది. అందుకని మోడల్ చేసేవారు ఒక మిల్లీమీటరు షీటు వాడతారు. కానీ అసలు బండి లెక్కలో అది 24 మిల్లీమీటర్ల గోడ. చక్రం పైనున్న వంపు అంచు దగ్గర, కిటికీ చట్రం దగ్గర ఆ మందం బయటపడి, చూసేవారికి ఏదో తేడాగా అనిపిస్తుంది.

దీనికో ఉపాయం ఉంది. షీటు మొత్తాన్ని పలచన చేయకుండా, బయటికి కనిపించే అంచును మాత్రం లోపలివైపు నుంచి ఏటవాలుగా ఆకురాయితో అరగదీస్తారు. కంటికి తగిలేది ఆ అంచే కాబట్టి బండి అంతా పలచని రేకులా కనిపిస్తుంది. బలం మాత్రం లోపల ఉండిపోతుంది.

అద్దాల విషయంలో అదృష్టం కలిసొస్తుంది. నాలుగు మిల్లీమీటర్ల కారు అద్దాన్ని 24తో భాగిస్తే 0.17 మిల్లీమీటరు. స్టేషనరీ కొట్లో దొరికే ఓహెచ్‌పీ షీటు మందం దానికి దగ్గరగానే ఉంటుంది. కత్తెరతో కోసి అంటిస్తే చాలు.

బరువు ఏమైపోయింది?

పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 24 రెట్లు తగ్గాయి. కాబట్టి బరువు 24ను మూడుసార్లు గుణించినన్ని రెట్లు, అంటే 13,824 రెట్లు తగ్గాలి. అదే పదార్థాలతో, మందాలు కూడా అదే నిష్పత్తిలో తగ్గించి చేయగలిగితే ఆరు టన్నుల బుజ్జి 434 గ్రాములకు దిగుతుంది. టైరు నేలను తాకే చోటు వైశాల్యం మాత్రం 24ను రెండుసార్లు గుణించినన్ని రెట్లు, అంటే 576 రెట్లే తగ్గింది. ఫలితంగా టైరు మీద పడే ఒత్తిడి 24వ వంతుకు పడిపోతుంది.

ఈ లెక్క కంటికి కూడా తెలుస్తుంది. రోడ్డు మీద ఆగి ఉన్న ఏ కారునైనా చూడండి. టైరు అడుగుభాగం కాస్త చదునై, పక్కలు ఉబ్బి ఉంటాయి. మోడల్ టైరు మాత్రం చుట్టూ గుండ్రంగా, నేలను ఒక్క గీత మీదే తాకుతూ ఉంటుంది. అందుకే ఎంత చక్కగా చేసిన మోడల్ అయినా నేల మీద ఆనినట్టు అనిపించదు. అనుభవం ఉన్నవారు టైరు అడుగున కొద్దిగా, వెంట్రుకవాసి మేర అరగదీసి చదును చేస్తారు. ఆ ఒక్క పనితో మోడల్‌కు టన్నుల బరువు వచ్చినట్టవుతుంది.

ఇదే సూత్రం తిరగేస్తే ఏమవుతుందో హైదరాబాద్‌లో చూడవచ్చు. బహదూర్‌పురాలో 2010లో సుధా కార్స్ మ్యూజియం తెరిచిన కె. సుధాకర్ వస్తువులను పెంచి బండ్లుగా చేస్తారు. ఆయన చేసిన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిల్ 2005లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. మామూలు సైకిల్‌ను అన్ని కొలతల్లోనూ 12 రెట్లు పెంచితే బరువు 1,728 రెట్లు పెరుగుతుంది. దాన్ని మోసే గొట్టాల అడ్డుకోత మాత్రం 144 రెట్లే పెరుగుతుంది. ప్రతి గొట్టం మీదా ఒత్తిడి 12 రెట్లు. కాబట్టి పెద్దది చేసేవారు నిష్పత్తిని దాటి బలం పెంచాలి. చిన్నది చేసేవారికి బలం ఉచితంగా వస్తుంది, బరువు ఉన్నట్టు చూపించడమే కష్టం.

రంగు: ఎంత పలచన అయితే అంత నిజం

కంపెనీ నుంచి వచ్చిన కారు మీద ప్రైమరు, రంగు, పైన మెరుపు పొర అన్నీ కలిపితే మిల్లీమీటరులో పదో వంతు దాకా మందం ఉంటుంది. దాన్ని 24తో భాగించి వేయగల స్ప్రే డబ్బా ప్రపంచంలో లేదు. మోడల్ మీద మూడు నాలుగు పొరలు పడేసరికి ఆ మందం కూడా ఇంచుమించు మిల్లీమీటరులో పదో వంతే అవుతుంది. అసలు కారు మీద అది 2.4 మిల్లీమీటర్ల పూత కింద లెక్క. తలుపు గీతలు పూడిపోతాయి, బోనెట్ మీది పదునైన మడతలు మొద్దుబారతాయి. అందుకే డబ్బాను దూరంగా పట్టి, పొగమంచులా పలచగా, ఆరనిచ్చి ఆరనిచ్చి కొడతారు. ఒకే పట్టున ముంచేస్తే పదునంతా పోతుంది.

మెటాలిక్ రంగులతో ఇంకో చిక్కు. వాటిలో మెరిసే అల్యూమినియం రేణువులు సుమారు 30 మైక్రాన్లు ఉన్నాయనుకుంటే, అసలు బండి లెక్కలో అవి ముప్పాతిక మిల్లీమీటరు పలుకులు. ముప్పై సెంటీమీటర్ల దూరం నుంచి 1:24 మోడల్‌ను చూడటమంటే అసలు కారును ఏడు మీటర్ల దూరం నుంచి చూడటమే. ఏడు మీటర్ల నుంచి ఏ కారు మీదా రేణువులు విడివిడిగా కనిపించవు, నిండైన మెరుపు మాత్రమే కనిపిస్తుంది. మోడల్ మీద అవి చమ్కీల్లా కనిపిస్తే మోసం బయటపడుతుంది. కాబట్టి కార్ల షెడ్డులో వాడే రంగునే తెచ్చి కొట్టేకన్నా, సన్నని రేణువులున్న మోడల్ రంగు వాడటం మేలు.

దానంతట అదే పరుగెత్తే నలుపు

తలుపుకూ బాడీకీ మధ్య సందు అసలు కారులో నాలుగైదు మిల్లీమీటర్లు. లోతుగా ఉంటుంది కాబట్టి లోపలికి వెళ్లిన వెలుగు తిరిగి రాదు, నల్లగా కనిపిస్తుంది. మోడల్‌లో ఆ సందు 0.2 మిల్లీమీటరు గీత మాత్రమే. లోతు లేదు కాబట్టి వెలుగు తిరిగొచ్చి, గీత బాడీ రంగులోనే కలిసిపోతుంది.

అప్పుడు చేసే పని దగ్గర నుంచి చూడదగ్గది. నల్ల రంగును థిన్నరుతో నీళ్లలా పలచన చేస్తారు. సన్నని బ్రష్షు మొనతో ఒక్క చుక్క తీసుకుని గీతలో ఒకచోట ఆనిస్తారు. చుక్క అక్కడ ఆగదు. గీత పట్టుకుని తలుపు మూల దాకా పరుగెత్తి, మలుపు తిరిగి, కింది అంచు దాకా వెళ్లి ఆగుతుంది. పొంగిన మరకను దూదిపుల్లతో తుడిస్తే గీతలో మాత్రమే నలుపు మిగులుతుంది. క్షణంలో తలుపు నిజంగా తెరుచుకునే తలుపులా అవుతుంది.

ఆ చుక్కను లాగింది కేశనాళికల చర్య. ద్రవం గోడలకు అంటుకోవాలని చూస్తుంది. సందు ఎంత ఇరుకైతే ద్రవం మొత్తంలో గోడను తాకే భాగం అంత ఎక్కువ, లాగుడూ అంత ఎక్కువ. అసలు కారు తలుపు సందులో ఈ బలం లెక్కలోకి రాదు. ఇరవై నాలుగో వంతు లోకంలో అది భూమ్యాకర్షణను కూడా ఓడిస్తుంది.

డెల్టా గాలితో పోరు

మన మొగల్తూరు కుర్రాడు రంగు దాకా వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. గోదావరి డెల్టాలో ముసురు పట్టిన రోజున గాలిలో తేమ 85 శాతానికి చేరడం మామూలే. అరుగు మీద పెట్టి నల్ల లాకర్ స్ప్రే కొట్టాడు. తడిగా ఉన్నంతసేపూ నిగనిగలాడింది. రెండు నిమిషాలకు బోనెట్ మీద పాలు చల్లినట్టు తెల్లటి మబ్బు కమ్మింది. రంగు పాడైపోయిందనుకున్నాడు. నిజానికి రంగులో లోపమేమీ లేదు.

జరిగింది ఇది. లాకర్ రంగులోని థిన్నరు వేగంగా ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి కావాల్సిన వేడిని కింది పొర నుంచే లాక్కుంటుంది. మట్టి కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. మోడల్ బాడీ పలచని ప్లాస్టిక్, అందులో దాచుకున్న వేడి చాలా తక్కువ. అసలు కారు ఉక్కు రేకు కన్నా అది త్వరగా చల్లబడుతుంది. 30 డిగ్రీల గాలిలో 85 శాతం తేమ ఉంటే, ఏ ఉపరితలమైనా 27 డిగ్రీలకు చల్లబడగానే దాని మీద మంచు కడుతుంది. అంటే మూడు డిగ్రీలు తగ్గితే చాలు. అలా కట్టిన సూక్ష్మమైన నీటి బిందువులు ఆరుతున్న రంగులో చిక్కుకుపోతాయి. వెలుగు వాటిలో చెల్లాచెదురై తెల్లగా కనిపిస్తుంది.

జనవరి మధ్యాహ్నం సంగతి వేరు. 29 డిగ్రీల గాలిలో 50 శాతం తేమ ఉంటే మంచు కట్టడానికి ఉపరితలం 17, 18 డిగ్రీలకు చల్లబడాలి. రంగు అంతగా చల్లబడదు. అదే డబ్బా, అదే చెయ్యి, నిగనిగలాడే బోనెట్.

వానాకాలంలోనే పని ముగించాలంటే నెమ్మదిగా ఆరే థిన్నరు వాడాలి. తెల్లబారిన పొర మీద అదే థిన్నరును పలచగా కొడితే రంగు మళ్లీ మెత్తబడి, చిక్కుకున్న తేమ బయటికి పోయి, చాలాసార్లు నలుపు తిరిగొస్తుంది. నీటితో కలిపే యాక్రిలిక్ రంగులకు ఈ మబ్బు బెడద ఉండదు, కాకపోతే ముసురులో ఆరడానికి ఎక్కువసేపు తీసుకుంటాయి.

ఏటికొప్పాక లక్కబొమ్మలకు ఈ గొడవే లేదు. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి కళాకారులు తిరిగే అంకుడు కర్రకు రంగు కలిపిన లక్కను ఒత్తి పట్టుకుంటారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది. ఆవిరయ్యే థిన్నరు లేదు, చల్లబడే పొర లేదు, తేమ చేరే సందు లేదు. సముద్రపు గాలికి దూరం కాని ఆ ప్రాంతంలో ఆ పద్ధతి ఏడాది పొడవునా నడుస్తుంది.

బాక్స్: అద్దం మీద తెల్ల పొగ

సూపర్ గ్లూతో కిటికీ అద్దం అంటించి, పొద్దున చూస్తే అద్దమంతా మసకబారి ఉంటుంది. సూపర్ గ్లూ అసలు పేరు సైనోఅక్రిలేట్. 1942లో రసాయన శాస్త్రవేత్త హ్యారీ కూవర్ బృందం చేతికి చిక్కిన అది 1958లో బజారుకు వచ్చింది. అది గట్టిపడటానికి కావాల్సింది కాస్త తేమ. అంటించేటప్పుడు కొంత గ్లూ ఆవిరై, దగ్గరున్న అద్దం మీద తేమ ఎక్కడుంటే అక్కడ తెల్లగా గట్టిపడుతుంది. వేలిముద్ర ఉన్న చోట మరీ ఎక్కువ. నేర పరిశోధనలో కనిపించని వేలిముద్రలను బయటపెట్టడానికి ఇదే ఆవిరిని వాడతారు. కాబట్టి అద్దాలకు సూపర్ గ్లూ వద్దు. ఆరితే పారదర్శకమయ్యే తెల్ల జిగురు చాలు.

ప్లాస్టిక్ కిట్ల భాగాలకు వాడే సిమెంటు పూర్తిగా వేరు. అది పాలిస్టైరీన్‌ను కరిగిస్తుంది. రెండు అంచులూ కరిగి కలిసిపోయి, ద్రావకం ఆవిరయ్యాక ఒకే ముక్క అవుతుంది. ఇంకా మిగిలిన సందులను పుట్టీతో పూడ్చి నీటి ఎమరీ కాగితంతో రుద్దుతారు. కొండపల్లి కళాకారులు తెల్లపొణికి ముక్కలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికించేది కూడా ఈ అవసరానికే.

పాత కారుకు కొత్త రూపు

మొదటి నుంచీ చేసే ఓపిక లేనివారు లోహపు కారును కొని మార్చుకుంటారు. కింద పళ్లాన్ని పట్టి ఉంచే రివెట్లను డ్రిల్లుతో తొలిస్తే కారు రెండు ముక్కలవుతుంది. పాత రంగు కరిగించి, ప్రైమరు కొట్టి, కొత్త రంగు వేసి, ప్లాస్టిక్ చక్రాల చోట రబ్బరు టైర్లు బిగిస్తారు. ఈ కార్ల లోహం జింకులో దాదాపు 4 శాతం అల్యూమినియం కలిపిన మిశ్రమం. అందులో సీసం కొద్దిగా కలిసినా, తేమ తోడైతే, ఏళ్లు గడిచేకొద్దీ లోపలి నుంచి ఉబ్బి, పగిలి, పొడిపొడి అవుతుంది. 1930ల నాటి డింకీ బ్రాండు బొమ్మ కార్లు ఎన్నో ఇలాగే పోయాయి. పాత కారు కొనేటప్పుడు రంగు కింద సన్నని పగుళ్లున్నాయేమో చూసుకోవాలి.

ఫొటోలో నిజమనిపించాలంటే

1957లో ‘మాయాబజార్’ కోసం ద్వారకా నగరాన్ని దాదాపు 300 చిన్న అట్ట ఇళ్లతో, లోపల దీపాలు వెలిగించి కట్టారు. మార్కస్ బార్ట్‌లే కెమెరా దాన్ని నగరంగానే చూపింది. కెమెరాను ఎక్కడ పెట్టాలన్నదే అందులో కీలకం. నిలబడిన మనిషి కంటి ఎత్తు 160 సెంటీమీటర్లనుకుంటే, 1:24 లోకంలో అది ఆరేడు సెంటీమీటర్లు. ఫోన్ కెమెరాను అంత కిందికి దించి తీస్తే మోడల్ ఒక్కసారిగా బండి అవుతుంది.

కదిలేటప్పుడు ఇంకో లెక్క. గట్టు మీద నుంచి దూకే మోడల్ కారు రెప్పపాటులో నేలకు చేరుతుంది, అందుకే బొమ్మలా కనిపిస్తుంది. పడే ఎత్తు 24 రెట్లు తగ్గితే పట్టే సమయం సుమారు ఐదు రెట్లు తగ్గుతుంది. సెకనుకు 120 ఫ్రేముల చొప్పున తీసి 24 చొప్పున చూపిస్తే ఆ ఐదు రెట్లూ తిరిగొస్తాయి. ఇప్పటి చాలా ఫోన్లలో 120 ఫ్రేముల స్లో మోషన్ ఉంటుంది.

మొదలుపెట్టేవారికి

బుజ్జితో మొదలుపెట్టనక్కర్లేదు. ఇంటి ముందున్న బండినే టేపుతో కొలవండి. 24తో భాగించి కాగితం మీద గీయండి. ముందు అట్టముక్కతో చేసి చూసుకుని, తరువాత ప్లాస్టిక్ షీటు మీద బ్లేడు పెట్టండి. కోసేటప్పుడు చెయ్యి బ్లేడుకు ఎదురుగా ఉంచకండి. స్ప్రే కొట్టేది ఆరుబయట, ముక్కుకు థిన్నరు ఆవిరిని ఆపే మాస్కు కట్టుకుని. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు. పొయ్యికీ దీపానికీ దూరంగా ఉండాలి, థిన్నరు ఆవిరి మండుతుంది. పిల్లలు చేస్తుంటే బ్లేడు, స్ప్రే పనులు పెద్దలే చూసుకోవాలి. డెల్టాలో ఉన్నవారు కోత, అతుకు పనులు వానాకాలంలో కానిచ్చుకుని, రంగు పని డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య ఎండ పొద్దుకు పెట్టుకోండి.